కిటికీ అంచు కింద

రేపు పొద్దున తొమ్మిదింటికి సిమెంటు కలుపుతానని మేస్త్రి సిద్దిరాములు చెప్పి వెళ్లాడు. రెండు రోజులుగా వాన తెరిపి ఇచ్చింది, మళ్లీ ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు. సమాధి మీద పూత తడి ఆరకముందే పేరు రాయాలి. గంట దాటితే గీత పడదు.

కొడుకు పేరు తన చేత్తోనే రాస్తానని ఆనందమ్మ మేస్త్రికి మాటిచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ఆ పేరు రాయడం ఆమెకు రాదు.

చదువు ఆమెకు యాభై నాలుగో ఏట వచ్చింది. కొడుకు జోయల్ ఆమెతో అక్షరాలు విడివిడిగా దిద్దించలేదు. "గీ వయసుల అ ఆలు దిద్దుకుంట కూసుంటే నీకు ఓపిక ఉండదు అవ్వా, సక్కగ మాటలే నేర్చుకో" అని తన లాప్‌టాప్‌లో మాటల పలక ఒకటి తయారుచేసి ఇచ్చాడు. అందులో వరసగా గడులు, గడికొక మాట. గడి మీద నొక్కితే జోయల్ గొంతు ఆ మాటను పలుకుతుంది. అవ్వ, అన్నం, ఆకు, దారం, కత్తెర, మందమర్రి, మంచిర్యాల. మనుషుల మొహాలు గుర్తుపట్టినట్టే ఆమె మాటల మొహాలు గుర్తుపట్టేది. తర్వాత రాతి పలక మీద సుద్దముక్కతో ఆ మొహం దించేది. అట్లా నలభై మాటలు వచ్చాయి. ఆ నలభైలోని ముక్కలనే కలుపుకుని బస్సు బోర్డులు చదివింది, బైబిల్లో వాక్యం చదివింది. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునే రోజులు పోయాయి.

నలభైలో జోయల్ పేరు లేదు. ఒకప్పుడు ఉండేది, ఆమెకు బాగా గుర్తు. ఆఖరి వరసలో, స్తుతి పక్కన. స్తుతి ఆమె కూతురు, ఇచ్చోడలో కాపురం. అక్క పేరు, తన పేరు పక్కపక్కన పెట్టానని వాడే చూపించాడు. ఆమె వరస అక్కడిదాకా రాకముందే ఆ గడి కనిపించకుండా పోయింది. ఆ తర్వాత వాడే పోయాడు. వచ్చే ఆదివారానికి ఏడాది నిండుతుంది. జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి పని కావాలని ఆమె పట్టుదల.

పాస్టరుగారు ఒక కాగితం మీద జోయల్ అని పెద్దగా రాసిచ్చారు. ఆమె దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది తప్ప చూసి దించలేదు.

"మూడక్షరాలకు ముప్పై దిక్కులు తిరుగుతున్నవేంది ఒదినే," అంది పక్కింటి లస్మవ్వ, గుమ్మంలో కూర్చుని తునికాకు కత్తిరిస్తూ. ఇద్దరూ ఒకే కార్ఖానాకు బీడీలు చుడతారు. "ఎవలు రాసినా గదే పేరు. పాస్టరు రాస్తే వేరేగ ఉంటదా?"

"పాస్టరు ఇచ్చిన కాయిదం మాట్లాడుతదా లస్మవ్వా?"

లస్మవ్వ కత్తెర ఆగింది. కాసేపటికి మళ్లీ ఆడింది.

శ్యాంసుందర్ పదకొండు గంటల బస్సు దిగి వచ్చాడు. కరీంనగర్ పాలిటెక్నిక్‌లో జోయల్‌తో కలిసి చదివినవాడు, తర్వాత అక్కడే ఒక చిన్న ఆఫీసులో కలిసి పనిచేసినవాడు. మట్టి చేసిన రోజు వచ్చి వెళ్లాక మళ్లీ ఇవాళే ఈ గుమ్మం తొక్కాడు.

"ఏడాదికి దొరికిందా పిలగా తొవ్వ?" అని లస్మవ్వ పలకరించింది.

అతను తలవంచుకుని చెప్పులు విడిచాడు. "పనులు ఎక్కువైనయ్ అత్తమ్మా."

"ఊకో లస్మవ్వా. పొద్దుగాల ఫోన్ చేస్తే పొద్దుగాలనే బస్సెక్కిండు," అంది ఆనందమ్మ. అతను ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లోకి అడుగుపెడితే జోయల్ లాప్‌టాప్ మూత వేసి ఉండడం చూడాలి.

ఆ లాప్‌టాప్‌నే ఆమె తెచ్చి చాప మీద పెట్టింది. శ్యాం మూత తీశాడు.

అతనూ జోయల్ సెలవు దినాల్లో కూర్చుని ఒక సాధనం కట్టారు. కంప్యూటర్ భాష రానివాళ్లు కూడా దాంతో ప్రోగ్రాములు చేసుకోవచ్చు. తెర మీద ఒక ఖాళీ కిటికీ వస్తుంది. పక్కనున్న గడులను, బటన్లను, బొమ్మలను మౌస్‌తో పట్టి ఆ కిటికీలోకి లాగి, ఎక్కడ కావాలంటే అక్కడ వదలడమే. జోయల్ దానికి చాట అని పేరు పెట్టాడు. అవ్వ ఒళ్లోని చాటలో ఆకు ఒక దిక్కు, తంబాకు ఒక దిక్కు, దారం ఒక దిక్కు పెట్టుకోవడం చూసి పెట్టిన పేరది. మాటల పలకను కూడా అందులోనే చేశాడు.

శ్యాం గడులన్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు.

"లేదవ్వా. వాడే తీసేసినట్టున్నడు."

"తీసేసుడంటే?"

"అంటే... పారేసినట్టు."

"నా కొడుకు పారెయ్యడు," అంది ఆనందమ్మ. "నువ్వు కింద చూడు."

"కిందంటే ఎక్కడ?"

ఆమె చాప అంచు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. బీడీ పని ఆమె జగిత్యాల దిక్కు పుట్టింటి నుంచి తెచ్చుకుంది. తునికాకు మీద రేకు ముక్క పెట్టి దాని కొలతకు కత్తిరించాలి. రేకు కొలతకు చాలని ఆకును, చిల్లు పడ్డ ఆకును, ఎండి పెళుసైన ఆకును అందరూ వాకిట్లోకి ఊడ్చేస్తారు. ఆనందమ్మ మాత్రం తాను కూర్చున్న చాప అంచు ఎత్తి కిందికి తోస్తుంది. సాయంత్రం నీళ్లు చల్లి తీస్తే అందులో సగం మళ్లీ పనికొస్తాయి. ఆ చాప మీద కూర్చునే జోయల్ పదో తరగతి దాకా చదువుకున్నాడు. చిరిగిన నోటుబుక్కులు, మూత పోయిన పెన్నులు కూడా వాడు చాప కిందికే తోసేవాడు.

మాటల పలక రెండో వరసలో మొదట దేవసహాయం అని ఉండేది. ఆమె పెనిమిటి పేరు. మిషన్ బడిలో గంట కొట్టే అటెండరుగా చేసి, పదేళ్ల కింద ఒక పొద్దున గుండె నొప్పితో పోయాడు. ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు నిండేవి, ఆనాటి చదువు అంతటితో ఆగిపోయేది. నాలుగైదు సార్లు చూశాడు జోయల్. ఒక ఆదివారం ఆమె కూర్చునేసరికి ఆ గడి లేదు.

"మీ బాపు పేరేది రా?" అని అడిగింది.

"పక్కకు పెట్టిన అవ్వా. పారెయ్యలే. నీకు ఏడుపు రాని దినం మళ్ల తీస్త."

"ఎక్కడ పెట్టినవ్?"

వాడు నవ్వి, మౌస్ బాణాన్ని కిటికీ కింది అంచు దాకా తెచ్చి చూపించాడు. "చాప కింద."

ఇదంతా ఆనందమ్మ తనకు వచ్చినట్టు చెప్పింది. శ్యాం సగంలోనే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినసాగాడు. ఆమె చెప్పడం అయ్యాక, కిటికీ మూసి, దాని వెనకున్న ఫైలు తెరిచి లెక్కపెట్టాడు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు.

"కిటికీల కనపడేటియి నలభై. ఫైలుల యాభై ఒకటి ఉన్నయ్ అవ్వా."

"మిగిలిన పదకొండు?"

"అంచు దాటినంక ఉన్నయ్. కిందికి గుంజి ఇడిసిపెట్టిండు."

"మరి పైకి గుంజు."

"కనపడనిదాన్ని ఎట్ల పట్టాలె? కిటికీ పెద్దగ చేస్తెనే కనపడ్తయ్. పెద్దగ చేసే ఉపాయం లేదు. మా చాటల కిటికీకి ఒక్కటే కొలత."

"నా రేకు ముక్క లెక్కనా?"

"అచ్చం గట్లనే."

"రేకు ముక్క కార్ఖానోళ్లు ఇస్తరు బిడ్డా, మేం మార్చొద్దు. గీ కొలత మీకు ఎవలు ఇచ్చిన్రు?"

"ఎవలియ్యలే. మేమే పెట్టుకున్నం."

"మీరే పెట్టుకున్నదానికి ఎవల్ని అడగాలె మరి?"

గుమ్మంలోంచి లస్మవ్వ ఫక్కుమంది. శ్యాం నవ్వలేదు. లాప్‌టాప్‌లో జోయల్ రాసుకున్న పనుల చిట్టా తెరిచి, తెరను ఆమె వైపు తిప్పాడు. ఆమె చదవలేని మాటలే ఎక్కువ. అతనే వేలు పెట్టి చదివాడు.

"కిటికీ కొలత మార్చుకునేటట్టు చెయ్యాలె. శ్యాం." వేలు అక్కడే ఉంచాడు. "నా వంతు పని అవ్వా గిది. రెండేండ్లు అడిగిండు. ఎవనికి కావాల్రా గంత పెద్ద కిటికీ, ఉన్నదాంట్ల సర్దుకోమను అని నవ్వేటోన్ని."

ఆమె తెరను మళ్లీ అతని వైపు తిప్పింది.

"ఎంత సేపు పడ్తది?"

"చీకటి పడకముందే అయితది."

"అయితె చెయ్యి," అని ఆమె లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

మధ్యాహ్నమంతా అతను చాప మీద, గోడకు ఆనుకుని పనిచేశాడు. జోయల్ కూర్చునే చోటు కాకుండా ఇంకాస్త పక్కకు కూర్చున్నాడని ఆమె గమనించింది. పచ్చిపులుసు, అన్నం, వేయించిన ఎండు చేప పెడితే పళ్లెం ఒళ్లో పెట్టుకుని తెర చూస్తూనే తిన్నాడు. వీళ్లిద్దరికీ ఒకటే జబ్బు అనుకుంది. వాడూ అంతే, ఎన్ని కేకలు వేసినా అన్నం చల్లారినాకే ముద్ద ముట్టేవాడు.

ఆమె బీడీలు చుట్టసాగింది. నలభై ఏళ్లుగా ఆమె చూడకుండానే చుట్టే వేళ్లు ఇవాళ రెండుసార్లు తంబాకు ఒలకబోశాయి.

"ఒదినె చుట్టుకు ఇయ్యాల తిప్పలొచ్చింది," అంది లస్మవ్వ. "కార్ఖానోడు చూస్తే గా రెండు కట్టలు మొగం మీద కొడ్తడు."

"కొడ్తే కొట్టనీ."

"పేరు దొరకకపోతే?"

ఆనందమ్మ చుట్టుతున్న బీడీకి దారం బిగించి తెంపింది. "దొరుకుతది," అంది.

మూడు గంటలప్పుడు శ్యాం పిలిచాడు. చాటలో కుడి పక్కన కొత్తగా రెండు చిన్న పెట్టెలు వచ్చాయి, ఒకటి వెడల్పుకు, ఒకటి ఎత్తుకు. అంకెలు ఆమెకు చిన్నప్పటి నుంచే వచ్చు, కట్టకు ఇరవై ఐదు బీడీలు లెక్కపెట్టిన చేతులు కదా. ఎత్తు పెట్టెలో అతను అంకె మార్చాడు. కిటికీ పెరిగింది. దానితో పాటు లోపలి మాటలన్నీ సాగి, అవ్వ అనే మాట గుమ్మడికాయంత లావైంది.

"అవ్వ మంచిగ బలిసింది," అన్నాడు అతను, వచ్చాక మొదటిసారి నవ్వి. "గిట్ల కాదు. కిటికీ ఒక్కటే పెరగాలె, లోపటియి ఉన్న కాడనే ఉండాలె."

మళ్లీ గంట పట్టింది. ఈసారి కిటికీ కింది మూలకు చిన్న మడత లాంటి గుర్తు పెట్టాడు. మౌస్ ఆమె చేతికిచ్చాడు.

"మూల పట్టి కిందికి గుంజు అవ్వా. నీ చేతులతోనే గుంజు."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. మూలను పట్టింది. లాగింది. గట్టిగా ముడిపడ్డ దుప్పటి చివర ఊడినట్టు కిటికీ కిందికి జారింది. మాటలు సాగలేదు, ఎక్కడివక్కడే నిలబడ్డాయి. ఆఖరి వరస కింద తెల్లటి జాగా తెరుచుకుంది. ఇంకొంచెం లాగింది. గడి ఒకటి తల ఎత్తింది. దాని పక్కన ఇంకొకటి.

"ఒంటె," అని శ్యాం చదివాడు. "ఒంటెను ఎందుకు తీసిండు?"

"నేనే వద్దన్న. జిందగీల ఒంటెను చూడలే, నేర్చుకుని ఏం చేయాలె అన్న."

తర్వాత ఐస్‌క్రీం వచ్చింది. అదీ ఆమె వద్దన్నదే. ఒకే మాట రెండుసార్లు పడ్డ గడులు మూడు. గొంతు సరిగ్గా రాని గడులు రెండు, ఏమీ రాయని ఖాళీ గడులు రెండు. తొమ్మిది లెక్కపెట్టింది. ఇంకా లాగింది. వాటన్నిటికీ దూరంగా, కిందికి, ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టినట్టు రెండు గడులు ఉన్నాయి.

మొదటిది చూడగానే గుర్తుపట్టింది. దేవసహాయం. రెండోది మూడే అక్షరాలు.

"గిదేనా?"

శ్యాం తలూపాడు. ప్రోగ్రామును నడిపించి, మౌస్ మళ్లీ ఆమెకే ఇచ్చాడు. ఆమె రెండో గడి మీద నొక్కింది.

"జోయల్," అన్నాడు జోయల్.

ఆమె నేర్చుకున్న నలభై మాటల గొంతు కాదది. అవి నేర్పే గొంతులు, నిదానంగా విడదీసి పలికినవి. ఇది హడావిడిగా పలికిన గొంతు, నవ్వు ఆపుకుంటున్నట్టుంది. వెనక దూరంగా ఆమె గొంతే ఉంది. "ఒరేయ్, అన్నం సల్లారుతుంది రా." ఆ తర్వాత వాడు "ఆ, వస్తున్న" అనబోతుండగా గడి ఆగిపోయింది.

లస్మవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లోపలికి వచ్చి నిలబడింది. ఆనందమ్మ మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది. నాలుగోసారి నొక్కినాక చెయ్యి తీసేసింది.

"లోపటికి జరుపనా అవ్వా? స్తుతక్క పక్కన పెడ్త, మొదలు ఉన్నట్టు." శ్యాం ప్రోగ్రాము ఆపి, ఆ గడిని పట్టుకున్నాడు. పట్టుకోగానే కుడి పక్కన పట్టీ తెరుచుకుంది. చాటలో ఏ గడిని పట్టినా అంతే, దాని పేరు, కొలత, ఆఖరుసారి దాన్ని కదిపిన తారీఖు కనిపిస్తాయి. ఎవరు ఎప్పుడు ఏది జరిపారో తెలియాలని జోయల్ పెట్టించిన ఏర్పాటు అది.

శ్యాం ఆ పట్టీ చూశాడు. గబుక్కున మూయబోయాడు.

"ఉండనీ," అంది ఆనందమ్మ.

అంకెలు ఆమెకు వచ్చు. ఎనిమిది. పక్కన రెండు. ఫిబ్రవరి ఎనిమిది.

ఆమెకు ఆ శనివారం బాగా గుర్తుంది, ఎందుకంటే మరునాడు ఆమె జన్మలో మొదటిసారి చర్చిలో వాక్యం చదవాల్సి ఉంది. వారం రోజులుగా అదే పారాయణం. ఆ శనివారం సాయంత్రం జోయల్ కరీంనగర్ నుంచి వచ్చాడు. కడుపులో గ్యాసు అని పొద్దున డాక్టరు దగ్గరికి పోయానన్నాడు. ఏమన్నాడు డాక్టరు అంటే, కారం తగ్గించమన్నాడన్నాడు. బూట్లు కూడా విప్పకుండా లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి రా రా అంటే, "జర ఆగు అవ్వా, చిన్న పనుంది" అన్నాడు. చిన్న పనే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లాప్‌టాప్ మూసి, బూట్లు విప్పి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని, "ఇగ చదువు, రేపటిది ఒకసారి ఇంట" అన్నాడు.

ఆదివారం ఆమె తడబడకుండా చదివింది. వాడు వెనక బెంచీలో నిలబడి ఫోన్‌లో వీడియో తీశాడు. ఇంటికి వస్తూ దారంతా నవ్వాడు. అంత సంతోషం ఆమె పెళ్లినాడు కూడా ఎరగదు.

వాడు జబ్బు సంగతి ఆమెకు చెప్పింది ఈస్టర్ అయిన మూడో వారం. అప్పటికి దవాఖానాలో చేర్చక తప్పని స్థితి వచ్చింది. మొన్ననే తెలిసింది అవ్వా అన్నాడు. ఆమె నమ్మింది.

చాప కిందికి పోయేవి ఆమెకు ఏడుపు తెప్పించే పేర్లు. ఆ సాయంత్రం వాడు బూట్లతోనే కూర్చుని తన పేరు తీసి బాపు పేరు పక్కన పెట్టాడు.

"నాకు గూడ మే నెలల్నే చెప్పిండు," అన్నాడు శ్యాం. "ఆఖరికి దవాఖానల మంచం మీద ఉండి, కిటికీ సంగతి ఏమైంది రా, చేసినవా అని అడిగిండు. ఆడ పడుకుని గా ముచ్చట ఎందుకు అడుగుతుండో సమజ్ కాలే. మందుల మత్తుల మాట్లాడుతుండు అనుకున్న. ఆ, అయిపోయింది అని చెప్పిన."

"అయిపోయిందన్నవా?"

"అన్న."

"వాడేమన్నడు?"

"మంచిది, అవ్వకు అక్కెరకస్తది అన్నడు."

ఆనందమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది. శ్యాం చెప్పిన అబద్ధం మీద ఆమెకు కోపం రాలేదు. తన మీద వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం ఆమె పేర్ల వరస దగ్గరికి వచ్చింది. స్తుతి అని రాసింది. "నీ పేరేది? నిన్నమొన్నటి దాక గిక్కడనే ఉండె కద. చూపియ్యి, రాస్త" అంది. వాడు ఇంటి కిటికీ అవతల ఎటో చూస్తూ, "నా పేరెందుకవ్వా, నేను ఎదురుంగనే ఉన్న కద. ఎదురుంగ లేనియి నేర్చుకో" అన్నాడు. ఆమె బతిమాలింది. వాడు విసుక్కున్నట్టు లేచిపోయాడు. ఎన్నడూ విసుక్కోని కొడుకు. ముసలిదానికి చదువు చెప్పీ చెప్పీ యాష్టకొచ్చిందనుకుంది. రాతి పలక అటక మీద పెట్టేసి, వాడితో చదువుకు కూర్చోవడం మానేసింది. ఆ వారం వాడు కరీంనగర్ పోకుండా ఇంట్లోనే ఉండి పనిచేసుకున్నాడు, ఆ పై వారం కూడా. ఎందుకున్నాడో ఆమె అడగలేదు. రోజూ సాయంత్రం లాప్‌టాప్ తెరిచి చాప మీద పెట్టి, "రా అవ్వా" అని పిలిచేవాడు. "నాకు పనుంది" అని ఆమె బీడీల చాట ఒళ్లోకి లాక్కునేది. పదిహేను రోజులు. ఉన్నవే కొన్ని రోజులని వాడికి తెలుసు. ఆమెకు తెలియదు. పదహారో రోజు ఆమే పలక దించింది, వాడు ఏమీ అనకుండా కొత్త మాట చూపించాడు.

"జరుపనా అవ్వా?" అని శ్యాం మళ్లీ అడిగాడు.

"వద్దు. వాడు పెట్టిన కాడనే ఉండనీ. కిటికీనే గింత పెద్దగ ఉండనీ."

"రోజు కనపడ్తది మరి."

"కనపడనీ. ఏడుస్త, మళ్ల రాస్త."

అతను ఎత్తు పెట్టెలో ఉన్న అంకెను అట్లాగే ఉంచి భద్రపరిచాడు. జోయల్ పోయాక మళ్లీ అటకెక్కిన రాతి పలకను లస్మవ్వ దించి, కొంగుతో తుడిచి, ఆనందమ్మ ముందు పెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా ఆమె రాసింది. గడి నొక్కడం, వినడం, రాయడం, తుడవడం. మొదటి అక్షరం పదిసార్లకు వచ్చింది. ప్రతిసారీ వెనకనుంచి తన గొంతే అన్నానికి పిలుస్తూ ఉంది.

తెల్లారి సమాధుల తోటలో గడ్డి తడిగా ఉంది. శ్యాం రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దున ఆమె వెంట వచ్చాడు. సిద్దిరాములు సిమెంటు కలిపి, సమాధి తలవైపు నాలుగు చెక్కల మధ్య పోసి, తాపీతో నున్నగా పూశాడు. మేకు ఒకటి కడిగి ఆమెకిచ్చాడు.

"తొందర లేదమ్మా. మంచిగ కూసుని రాయి."

ఆమె మోకాళ్ల మీద వంగింది. ఒక్కో గీతా నిదానంగా, ఆగకుండా గీసింది. మేకు ఎత్తి చూసుకుంది. పేరు సరిగ్గానే వచ్చింది.

సిద్దిరాములు మెడ వంచి చూశాడు. "గదేందమ్మా, నడుమ గింత జాగ పెట్టుకుని అంచుకు రాస్తివి? చెక్కకు తగిలినట్టే ఉంది. పూసి ఇస్త, నడుమ రాయి మళ్ల."

ఆమె అప్పుడు గమనించింది. సిమెంటు పలక నడుమంతా ఖాళీ. పేరు అడుగున, కింది అంచుకు ఆనుకుని ఉంది. నిన్న సాయంత్రమంతా అది అక్కడే కనిపించింది, చెయ్యి అక్కడికే పోయింది.

"పూయకు," అంది.

"చూసేటోళ్లకు..."

"పూయకు మేస్త్రీ."

శ్యాం పక్కకు తిరిగి నిలబడ్డాడు. సిద్దిరాములు తాపీ కడుక్కుని, బకెట్ సర్దుకున్నాడు. మబ్బు లేదు, మేకలు రాకుండా ముళ్ల కంప అడ్డం పెడతాను, ఇక ఇంటికి పోండి, ఆరడానికి గంట పడుతుంది అన్నాడు.

ఆనందమ్మ కొంగు పరుచుకుని సమాధి పక్కన కూర్చుంది.

"మీరు పోండ్రి. పదిహేను దినాలు పిలిస్తే కూసోలే నేను. ఆరేదాక కూసుంట."